మారిషస్ తెలుగువారి భాషాభ్యాసం

హిందూ మహాసముద్రంలోని మారిషస్ ద్వీపంలో స్థిరపడిన తెలుగు సంతతివారి పిల్లలు ఇంట్లో క్రియోల్, బడిలో ఇంగ్లీషు, ఫ్రెంచి, మందిరంలో తెలుగు వింటూ పెరుగుతారు. వీరిలో అత్యధికులకు తెలుగు మాతృభాష కాదు, పూర్వికుల భాష మాత్రమే. 2011 జనగణనలో ఇంట్లో మాట్లాడే భాషను, పూర్వికుల భాషను వేర్వేరు ప్రశ్నలుగా అడిగారు.

నేపథ్యం

ఫ్రెంచివారి పాలనలో ఉన్న ఈ ద్వీపం 1810లో బ్రిటిషువారి వశమైనది. చెరకు తోటల పనికి 1834 నుండి భారతదేశపు ఒప్పంద కూలీలను రప్పించారు. వారిలో గోదావరి, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల తెలుగువారు కూడా ఉన్నారు. కాకినాడ సమీపాన గల కోరంగి రేవు నుండి ఓడ ఎక్కినందువలన వీరిని కోరంగివారు అని కూడా పిలిచేవారు. తోటలలో భోజ్‌పురి, తమిళం మాట్లాడే సాటి కూలీలతోను, యజమానులతోను మెలగడానికి ఫ్రెంచి మూలం గల క్రియోల్ అక్కరకు వచ్చింది. కొన్ని తరాలకు అదే ఇంటి భాష అయినది. తాతల పేర్లు మాత్రం వారసులకు ఇంటిపేర్లుగా మిగిలాయి. "అప్పడు" అటువంటి ఇంటిపేరే.

బడిలో తెలుగు

పాఠశాలల్లో బోధనా మాధ్యమం ఇంగ్లీషు. పత్రికలు ఎక్కువగా ఫ్రెంచిలో వెలువడతాయి. ప్రాథమిక పాఠశాలల్లో హిందీ, ఉర్దూ, తమిళం, మరాఠీ వంటి భాషలతో పాటు తెలుగు ఐచ్ఛిక విషయం. 2012లో క్రియోల్ కూడా ఐచ్ఛిక విషయంగా ప్రవేశించినది. దీనితో ఇంటి భాష, పూర్వికుల భాష ఒకే స్థానానికి పోటీపడే పరిస్థితి ఏర్పడింది. ఐదారేళ్ళ బిడ్డ తరఫున తల్లిదండ్రులు చేయవలసిన ఈ ఎంపిక సులభమైనది కాదు.

వ్యాకరణపరమైన చిక్కులు

లిపి నేర్చుకోవడమే కష్టమని పలువురు భావిస్తారు గాని, అసలు చిక్కు క్రియాపదాల వద్ద వస్తుంది. క్రియోల్‌లో క్రియ సాధారణంగా కర్తను బట్టి మారదు. కాలాన్ని దాని ముందు చేరే చిన్న పదాలు తెలుపుతాయి. "మో పే మాంజే" అంటే నేను తింటున్నాను, "మో తి మాంజే" అంటే నేను తిన్నాను. "లి" అనే సర్వనామం అతనికీ ఆమెకూ ఒక్కటే. కాబట్టి తిన్నాడు, తిన్నది, తిన్నారు అనే భేదాలు విద్యార్థికి పూర్తిగా కొత్తవి. కర్త, క్రియ, కర్మ అనే వరుసకు అలవాటుపడిన పిల్లలు క్రియను వాక్యం చివరకు చేర్చడమూ అభ్యసించాలి.

వీటికన్నా ఆసక్తికరమైనది "మనం", "మేము" భేదం. క్రియోల్‌లో రెండింటికీ "ను" అనే ఒకే మాట ఉన్నది. ఇంగ్లీషు, ఫ్రెంచి భాషలూ ఇక్కడ సాయపడవు. ఎదుటివారిని కలుపుకొని చెప్పాలా, వేరుగా ఉంచి చెప్పాలా అన్నది పిల్లవాడు ప్రతి వాక్యంలోనూ ఆలోచించుకోవలసి వస్తుంది.

మందిరము, పండుగలు

భాష వాడుకలో తగ్గినా ఆచారాలలో నిలిచింది. దీపం చుట్టూ తిరుగుతూ పాడే రామభజనం, సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పూజ ఇక్కడి తెలుగువారికి ముఖ్యమైనవి. భజన కీర్తనలను రోమను లిపిలో రాసుకొని పాడేవారూ ఉన్నారు. అర్థం తెలియకపోయినా బాణీ తప్పదు. ఈ పిల్లలు బడిలో తెలుగు చదవసాగినప్పుడు, ఎన్నాళ్ళుగానో నోటికి వచ్చిన మాటల అర్థం మొదటిసారి తెలుస్తుంది. ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవు దినం.

సంస్థలు

మారిషస్ ఆంధ్ర మహాసభ 1947లో ఏర్పడింది. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో తెలుగు బోధన, ఉపాధ్యాయ శిక్షణ జరుగుతాయి. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990 డిసెంబరులో ఈ ద్వీపంలోనే జరిగాయి.