వాన, గాలి, వయ్యారిభామ

రాయలసీమలోని అనంతపురము వానలు తక్కువగా కురియు ప్రాంతము. అచ్చటి రైతులకు వేరుసెనగయే ప్రధానమైన పంట. 2000 సంవత్సరమున ఆ పంటకు ఒక వింత తెగులు సోకెను. లేత ఆకులపై మచ్చలు పొడచూపెను, కాండము నల్లబడెను, చిగురు మాడి మొక్కలు చచ్చెను. రమారమి 2,25,000 హెక్టార్ల పైరు ఈ తెగులు వాత పడెను. నష్టము 300 కోట్ల రూపాయలను మించెను.

హైదరాబాదు చెంతనున్న పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ఈ తెగులును పరిశీలించిరి. దీనికి కారణము ‘టొబాకో స్ట్రీక్’ అను వైరసు. వైరసు తనంతట తాను ఒక మొక్కనుండి మరియొక మొక్కకు పోజాలదు. మరి అది చేలలోనికి ఎట్లు వచ్చెను?

బాటల ప్రక్కలను, గట్లపైని, బీళ్లలోను వయ్యారిభామ అను కలుపు మొక్క విస్తారముగా పెరుగును. వైరసు దానిలో దాగియుండును. అయినను ఆ మొక్క పచ్చగానే కనబడును. దాని పుప్పొడిలోను వైరసు ఉండును. నువ్వుగింజకంటె చిన్నవగు తామర పురుగులు ఆ పూలపై వ్రాలినపుడు పుప్పొడి వాటి మేనికి అంటుకొనును. అవి వేరుసెనగ ఆకును గీకి రసము పీల్చునపుడు, ఆ గాయముగుండ పుప్పొడిలోని వైరసు మొక్కలో ప్రవేశించును.

ఈ కార్యమునకు వాతావరణము తోడ్పడును. విత్తుటకు చాల ముందే వానలు కురిసినచో వయ్యారిభామ ముందుగా మొలచి, వేరుసెనగ లేతగా ఉన్నప్పుడే పూతకు వచ్చును. పిమ్మట బెట్ట ఏర్పడినచో తామర పురుగులు పెచ్చు పెరుగును; వాటిని కడిగివేయుటకు జోరువాన ఉండదు. గాలి ఆ పురుగులను, పుప్పొడిని చేలకు చేర్చును. పూత, పురుగు, లేత పైరు, ఈ మూడును ఒకేసారి కలిసినప్పుడే ముప్పు వాటిల్లును.

వానను శాసించుట, గాలిని నిలుపుట మానవునికి సాధ్యము కాదు. కాని ఈ మూటి కలయికను తప్పించుట సాధ్యమే. వయ్యారిభామను పూతకు రాకముందే పెరికివేయవలెను. చేని చుట్టును జొన్న లేక సజ్జ వరుసలు విత్తినచో, అవి త్వరగా ఎత్తు పెరిగి, గాలిలో వచ్చు పురుగులను అడ్డగించును.

అయితే ఇది ఒక్క రైతు వలన అగు పని కాదు. తన చేనిని ఎంత శుభ్రముగా ఉంచుకొన్నను, పొరుగువాని గట్టున పూచిన మొక్క తన పైరునకు చేటు తెచ్చును. బాట ప్రక్కనున్న కలుపు ఎవరిదియు కాదు. దాని వలని నష్టము మాత్రము అందరిదియు. కావున తొలివాన కురిసిన వెంటనే ఊరంతయు కలసి పూనుకొనవలసిన పని ఇది.