నగర రవాణా: వేగమా, క్షేమమా?

నేటి నగర జీవనంలో రవాణా సమస్య ఎంతటిదో హైదరాబాదు వాసులకు వేరే చెప్పనక్కరలేదు. ఉదయం తొమ్మిది గంటలకు ఏ చౌరస్తాలో నిలబడినా అది కళ్ళకు కట్టినట్టు కనబడుతుంది. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో మరణించినవారు 1,68,491 మంది. అంటే సగటున రోజుకు 460 మందికి పైగా! వీరిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద పోయేవారు, దాదాపు 20 మంది నడిచిపోయేవారు. ప్రమాదం జరగ్గానే డ్రైవరును తిడతాం, లేదా "వాడి రాత" అని ఊరుకుంటాం. రాత సంగతి తర్వాత, ముందు రోడ్డు సంగతి చూద్దాం.

వేగం లెక్క

గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 8 మీటర్లకు పైగా ముందుకు పోతుంది. ఎదుట మనిషిని చూసి బ్రేకు మీద కాలు వేయడానికి డ్రైవరుకు ఒక సెకను పడుతుందనుకుందాం. పొడి రోడ్డు, మంచి బ్రేకులు ఉంటే బండి మొత్తం 13 మీటర్లలో ఆగిపోతుంది. అదే 60 కిలోమీటర్ల వేగమైతే దాదాపు 36 మీటర్లు కావాలి. 13 మీటర్ల దూరంలో రోడ్డు దాటుతున్న మనిషిని మొదటి బండి తాకదు. రెండవ బండి బ్రేకు పడకముందే అతని మీదికి వస్తుంది. వేగం రెండింతలైతే గతిశక్తి నాలుగింతలౌతుందని ఇంటర్మీడియట్‌లో అందరం చదివిందే. కావున కాలేజీలు, ఆసుపత్రులు, బస్టాపులు ఉన్నచోట దారిని ఇరుకు చేసి, దాటేచోటును కొంచెం ఎత్తు చేసి, వేగం దానంతటదే తగ్గేటట్టు రోడ్డును కట్టాలి. బోర్డు పాతితే చాలదు.

నడిచేవాడి హక్కు

24 మీటర్ల వెడల్పు రోడ్డును మామూలు మనిషి దాటడానికి 20 సెకన్లు పడుతుంది. వృద్ధులకైతే 30 సెకన్లు కావాలి. సిగ్నల్ అంతసేపు ఇవ్వకపోతే వారి గతేమిటి? మధ్యలో నిలబడటానికి క్షేమమైన చోటైనా ఉండాలి కదా! ఫుట్‌పాత్ మీద నడవటానికి అడ్డులేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలనీ, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించరాదనీ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే చెప్పింది. ఎత్తు ఎక్కువైతే ముసలివాళ్ళు దాన్ని ఎక్కలేక రోడ్డు మీదే నడుస్తారు. ట్రాన్స్‌ఫార్మరో, మన మోటారు సైకిళ్ళో అడ్డముంటే కుర్రవాళ్ళూ అంతే. తోపుడు బండ్లవాళ్ళను తరిమితే లాభం లేదు, వాళ్ళకూ ఒక చోటు గీసి ఇవ్వాలి.

బస్సు, రైలు, మెట్రో

50 మంది ప్రయాణికులకు 12 మీటర్ల బస్సు ఒక్కటి చాలు. వారే ఇద్దరిద్దరు చొప్పున కార్లలో బయలుదేరితే 25 కార్లు. వాటిని ఒకదానికొకటి ఆనించి నిలబెట్టినా వంద మీటర్లు! ఎన్ని ఫ్లైఓవర్లు కట్టినా ఈ లెక్క మారదు. రద్దీ ఈ చౌరస్తా నుంచి పై చౌరస్తాకు జరుగుతుంది, అంతే.

హైదరాబాదులో ప్రభుత్వ బస్సులు 1932లో 27 బండ్లతో, 166 మంది సిబ్బందితో మొదలయ్యాయి. ఆనాడు రైలూ బస్సూ ఒకే శాఖ. 2003లో ఎం.ఎం.టి.ఎస్., 2017లో మెట్రో వచ్చాయి. 2020 నాటికి మెట్రో 69 కిలోమీటర్లకు పెరిగింది. అయితే ఈ మూడింటికీ యాజమాన్యాలు వేరు. రైలు దిగినవాడికి బస్సు అందేటట్టు వేళలు, స్టాపులు కుదరాలి. మెట్రో దిగి ఇంటికి పోయే ఆ చివరి కిలోమీటరే చాలామందిని మళ్ళీ స్కూటరు ఎక్కిస్తున్నది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో స్త్రీలకు బస్సు ప్రయాణం ఉచితమైంది. ఇది మంచిదే. కాని జనం పెరిగినట్టు బస్సులూ పెరగకపోతే ఫుట్‌బోర్డు మీద వేలాడేది మన విద్యార్థులే.

మన వంతు

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, నిబంధనలు పాటించని రోడ్డు మూలంగా ప్రాణం పోతే దాని రూపకర్తకూ, కాంట్రాక్టరుకూ లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. గాయపడినవారిని సదుద్దేశంతో ఆదుకున్నవారికి రక్షణ కూడా అందులోనే ఉంది. కనుక పోలీసులకు భయపడి పక్కకు తప్పుకోనక్కరలేదు.

విద్యార్థి మిత్రులారా! రోడ్డును కొలవటానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. ఒక టేపు, ఒక గడియారం చాలు. సివిల్ ఇంజనీరింగువారు కాలేజీ చుట్టూ ఫుట్‌పాత్‌ల వెడల్పు కొలవండి. స్టాటిస్టిక్సువారు గంటకు ఎంతమంది ఎక్కడ దాటుతున్నారో లెక్కించండి. ఆ పటం పట్టుకుని విద్యార్థి సంఘం నగర పాలక సంస్థ తలుపు తట్టాలి. వట్టి అర్జీని పక్కన పెట్టేయవచ్చు, కాని కొలతలతో వచ్చినవాళ్ళకు జవాబు చెప్పక తప్పదు. హెల్మెట్టు పెట్టుకోవటం, బస్సు ఆగాకే దిగటం మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేని పనులు. వాటిని రేపటినుంచే మొదలుపెట్టవచ్చు.