పదహారు కోట్లు పలికిన జేబు గడియారం

రాజాం: బంగారానికి తూకం చూసి వెల కట్టేవారికి ఈ గడియారం లెక్క ఒకపట్టాన అంతుబట్టదు. 18 క్యారెట్ల బంగారపు జేబు గడియారమొకటి 2024 నవంబరులో ఇంగ్లాండులో వేలానికి వచ్చి 15 లక్షల 60 వేల పౌండ్లు పలికింది. అంటే 16 కోట్ల రూపాయల పైమాటే. అమెరికాలో పేరుమోసిన టిఫనీ కంపెనీ సరుకే అయినా, అంత ధర తెచ్చింది బంగారమూ కాదు, కంపెనీ పేరూ కాదు. దానిమీద చెక్కిన కృతజ్ఞత మాటలు, ముగ్గురు ఆడవారి పేర్లు.

1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ ఓడ మంచుకొండను ఢీకొన్నప్పుడు కార్పేతియా అనే ఓడ సుమారు 58 మైళ్ల దూరంలో ఉంది. వైర్‌లెస్‌లో కబురు అందగానే కెప్టెన్ ఆర్థర్ రోస్ట్రన్ ఓడను అటు తిప్పించాడు. గదులను వెచ్చబరిచే ఆవిరిని సైతం ఆపించి ఇంజన్లకు మళ్లించాడు. చీకట్లో, మంచుకొండల మధ్య మూడున్నర గంటల ప్రయాణం. చేరేసరికి టైటానిక్ మునిగిపోయింది. చిన్న పడవల్లో మిగిలిన 700 మందికి పైగా జనాన్ని పైకి చేర్చారు.

వారిలో భర్తలను పోగొట్టుకున్న ఆస్టర్, థేయర్, వైడనర్ కుటుంబాల ఆడపడుచులు ముగ్గురు కలిసి కెప్టెన్‌కు ఈ గడియారం బహూకరించారు. ప్రాణాలతో బయటపడినవారు ఓడ సిబ్బందికీ పతకాలు చేయించారు. కెప్టెన్‌కు బంగారం, కింది అధికారులకు వెండి, కొలిమిలో బొగ్గు ఎగదోసినవారికి కంచు. ఆ రాత్రి ఓడను పరుగెత్తించింది ఆ బొగ్గేనన్నది మరువరాదు.

2025 నవంబరులో ఈ గడియారం ధరనూ మరో గడియారం దాటింది. అది టైటానిక్‌తో పాటు జలసమాధి అయిన ఇసిడోర్ స్ట్రాస్‌ది. కాపాడినవాడి గడియారం కంటే మునిగినవాడి గడియారానికే గిరాకీ ఎక్కువ కావడం విచిత్రమే.

ఇటువంటి సాహసం మన బంగాళాఖాతంలోనూ జరిగింది. 2015 జూన్‌లో కాకినాడ నుంచి గోపాలపూర్ వైపు బయలుదేరిన దుర్గమ్మ అనే చేపల బోటు ఇంజను చెడి, లంగరు తెగి కొట్టుకుపోయింది. అందులో ఏడుగురు మత్స్యకారులు. తిండి, నీళ్లు అలలపాలయ్యాయి. చేపల కోసం తెచ్చిన ఐసే వారికి ఆధారం. షిప్పింగ్ కార్పొరేషన్‌కు చెందిన చమురు ఓడ సంపూర్ణ స్వరాజ్య్ వారిని గుర్తించింది. పాతిక అడుగుల అలలు, జోరువాన. కెప్టెన్ రాధికా మీనన్ రెండు ప్రయత్నాలు విఫలమైనా వెనుదిరగలేదు. మూడోసారి తాడునిచ్చెన మీదుగా ఏడుగురినీ ఓడపైకి ఎక్కించారు.

2016 నవంబరులో లండన్‌లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఆమెకు సాహస పతకం ప్రదానం చేసింది. ఆ పతకం పొందిన తొలి మహిళ ఆమే. బోటు కనిపించిన రోజుకు ఒడ్డున ఉన్న ఇళ్లవారు ఆశ వదులుకుని కర్మకాండకు సిద్ధమవుతున్నారు. ఓడ నుంచి కబురు వచ్చాక ఆ ఏర్పాట్లు ఆపేశారు.