నడుము చెప్పే చీమ జాతి

మన ఇళ్లలో చీమలకు సాధారణంగా రెండే పేర్లు: ఎర్రచీమ, నల్లచీమ. కీటక శాస్త్రజ్ఞులు మాత్రం రంగును అంతగా విశ్వసించరు. ఒకే పుట్టలోని చీమలలోనూ రంగు, పరిమాణం మారవచ్చు. హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) వృత్తాంతం గల 'అన్-నమ్ల్' సూరాను పారాయణం చేసే పాఠకులు, ఈ అల్పప్రాణిని ఒకసారి భూతద్దంలో చూడవలసిందే.

ముందుగా అది చీమేనా అన్నది తేలాలి. వానలు పడగానే దీపం చుట్టూ మూగే రెక్కల పురుగులు చీమలు కావచ్చు, చెదలూ కావచ్చు. చీమ స్పర్శశృంగాలు మోచేయిలా వంగి ఉంటాయి, నడుము సన్నం, ముందు రెక్కలు పెద్దవి. చెదపురుగు శృంగాలు పూసలు గుచ్చినట్లు తిన్నగా ఉంటాయి, నడుము వెడల్పు, నాలుగు రెక్కలూ సమానం. తలుపులు, బీరువాలు ఉన్న ఇంట్లో ఈ తేడా చిన్నదేమీ కాదు.

తరువాతి గుర్తు నడుముపై బుడిపెలు. గండుచీమకు ఒకటే. దానికి కొండి లేదు. ఉదరం చివర, వెంట్రుకలు అంచుగా గల గుండ్రని రంధ్రం నుండి ఫార్మిక్ ఆమ్లాన్ని చిమ్ముతుంది. నిప్పుచీమకు రెండు బుడిపెలు, విషపు కొండి. కొందరికి దాని కాటు తీవ్రమైన అలర్జీని, అరుదుగా ప్రాణాపాయాన్ని తెస్తుంది.

నిప్పుచీమలలోనూ జాతులున్నాయి. దక్షిణ అమెరికాకు చెందిన ఒక జాతి 1930ల ప్రాంతంలో అమెరికాలోని మొబైల్ రేవుకు చేరి, దక్షిణ రాష్ట్రాలంతటా వ్యాపించింది. 1972లో విలియం బ్యూరెన్ దానికి 'ఇన్విక్టా' అని పేరు పెట్టే వరకు మరో జాతితో కలిపే లెక్కించారు. మన దేశంలోనూ కనిపించే 'జెమినాటా'తో దీనికి పోలిక ఎక్కువ. ఇన్విక్టా నోటిపై ఫలకం అంచున, సరిగ్గా మధ్యలో, ఒక చిన్న పన్ను ఉంటుంది. జెమినాటాకు అది లేదు; పైగా దాని పెద్ద కూలిచీమల తల దేహానికి మించి, వెనుక రెండు తమ్మెలుగా చీలి ఉంటుంది.

వంటింటి డబ్బాలలో చేరే అతి చిన్న పసుపు చీమకు 1758లో లిన్నేయస్ ఫిరౌన్ పేరునే పెట్టాడు! దీనికీ రెండు బుడిపెలే. కనుక శృంగాల కణుపులు లెక్కించాలి: నిప్పుచీమకు 10, చివరి రెండు లావు, దీనికి 12, చివరి మూడు లావు. ఇది ఆసుపత్రులలో రోగక్రిములను మోసుకు తిరుగుతుంది. మందు చల్లితే గుంపు చీలి, కొత్త గూళ్లు పెడుతుంది. అందుకే దీనికి చల్లే మందు కాక, కూలిచీమలు గూటికి మోసుకుపోయే విషపు ఎర వాడతారు.