చదువునకొక వేళ

వార్షిక పరీక్షలకు పది దినములు గడువున్నదనగా మన యిండ్లలో గలుగు సంక్షోభము సోదరీమణులకు క్రొత్త గాదు. రాత్రి రెండు గంటలైనను దీపమార్పరు. తల్లి కాఫీ కాచి యిచ్చుచు తానును మేలుకొనియుండును. ఏడాది పొడవున మూసియున్న పుస్తకములన్నియు నొక్కసారిగా చాపమీద పఱచుకొందురు. పరీక్ష ముగిసిన పక్షము దినములకు అవే ప్రశ్నలడిగినచో బిడ్డ సగమైనను చెప్పజాలదు. ఇది బుద్ధిమాంద్యము గాదు. చదివిన రీతియందలి లోపము.

జర్మనీ దేశపు పండితుడగు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ జ్ఞాపకశక్తినిగూర్చి తనమీదనే పరీక్షలు చేసికొని 1885లో నొక గ్రంథము ప్రకటించెను. అర్థములేని పదములను పండ్రెండింటిని వరుసగా కంఠస్థము చేయుటలో, ఒక్కనాడే 68 మాఱులు వల్లించుటవలన మఱునాటికి గలిగిన ఫలము, మూడు దినములకు పంచి 38 మాఱులు వల్లించుటవలననే కలిగినట్లాయన చూపెను. వీథిబడులలో దినదినము ఎక్కములు వల్లెవేయించిన పంతుళ్ళకీ సంగతి గ్రంథము లేకయే తెలియును. వారి బెత్తమును మాత్రము మేము సమర్థింపము.

కావున గంటల సంఖ్యకంటె నియమము ముఖ్యము. గడియారము చూపి “ఆఱు గంటలకు చదువు” మని గద్దించుటకంటె, ఇంట నిత్యము జరుగు నేదేని యొక పనికి చదువును ముడివేయుట మేలు. బడినుండి వచ్చి, కాళ్ళు కడుగుకొని, పాలు త్రాగి, దేవునియొద్ద దీపము వెలిగింపగనే పుస్తకము తీయవలెను. మొదటి వారము ఇరువది నిమిషములు చాలును. చోటు మార్పరాదు. చేతిఫోను ఆ గదిలో నుండరాదు. పెద్దల ఫోనులకును ఇదియే నియమము.

చదివిన పాఠమును పుస్తకము మూసి అప్పజెప్పవలెను. పుస్తకము చూచుచు మరల మరల చదువుటకంటె, చూడక జ్ఞప్తికి దెచ్చుకొనుటవలన పాఠమెక్కువ కాలము నిలుచునని 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరీక్షలును తెలిపినవి. తల్లికి ఆ శాస్త్రము రాకపోయినను చింతలేదు. పుస్తకము చేతబట్టుకొని విన్నచో బిడ్డ యెచ్చట తడబడినదో ఆమెకే తెలియును.

పెండ్లియో పండుగయో వచ్చి యొకనాడు తప్పినచో బెంగపడ నవసరములేదు. తిండి, పానీయము, వ్యాయామములకు సంబంధించిన అలవాట్లనుగూర్చి లండనులో 96 మందిని పరిశీలించి 2010లో ప్రకటించిన లెక్కనుబట్టి, అలవాటు కుదురుటకు మనుష్యునిబట్టి 18 మొదలు 254 దినములవఱకు పట్టును. ఒకనాడు తప్పినంతమాత్రమున అది చెడదనియు వారు కనుగొనిరి. మఱునాడు దీపము వెలిగినప్పుడు మరల కూర్చుండుటయే కావలసినది.

ఇంతవఱకు చెప్పినది కుమారుని విషయమున సులభముగానే సాగును. చిక్కంతయు కొమార్తెతోనే. ఆమె పుస్తకము విప్పునో లేదో, “అమ్మాయీ, తమ్ముడికి మంచినీళ్ళియ్యవే” యని యొకరు, “పొయ్యిమీద పాలు చూడు తల్లీ” యని యొకరు పిలుతురు. ఒక్కొక్క పని రెండు నిమిషములదే. కాని యేడుమాఱులు లేచినపిమ్మట ఆ గంటలో మిగులునది చదువు గాదు, విసుగు. అన్నను పిలువరు, వాడు చదువుకొనుచున్నాడు గదా!

2019లో మన దేశమున జరిగిన కాలవినియోగ పరిశీలననుబట్టి, ఆఱేండ్లు దాటి యింటిపనులు చేయువారిలో స్త్రీలు దినమునకు 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును ఆ పనులలో గడుపుచుండిరి. ఈ వ్యత్యాసము పెండ్లినాడు పుట్టునది గాదని మా తలంపు. చదువు మధ్యనుండి లేపబడిన బాల్యముననే అది మొలకెత్తును.

భండారు అచ్చమాంబగారు (1874–1905) బడికి పోయి చదువుకొన్నవారు గారు. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు తమ యింటనుండి చదువుకొను కాలమున, ఆయన ప్రక్కన గూర్చుండి తెలుగును హిందీని నేర్చుకొనిరి. అట్టివారు పిమ్మట అబలా సచ్చరిత్ర రత్నమాలను రచించిరి. కాని ఆ వేళ తమ్మునికై యేర్పడినది. ఆమె అందులో పాలు తీసికొనిరి. నేటి బాలికకు తనదను వేళ యొకటి యుండవలదా?

సోదరీమణులారా! దీపము వెలిగినది మొదలు అమ్మాయిని ఎవరును పిలువరాదని నాయనమ్మగారికి, తండ్రిగారికి, పిల్లలకు మొదటినాడే వినయముగా చెప్పియుంచుడు. వారము దినములు మఱచుచునే యుందురు; అప్పుడు మీరే గుమ్మమున నిలిచి ఆపవలసియుండును. నీళ్ళు కావలసిన తమ్ముడు లేచి ముంచుకొనవచ్చును. పాలు పొంగినచో తండ్రిగారు పొయ్యి ఆర్పవచ్చును.