కార్నర్ కుర్రాడికి రెండేళ్లు ఇవ్వండి

కాలేజీలో కబడ్డీ సెలక్షన్స్ ఎలా జరుగుతాయో మీలో చాలామంది చూసే ఉంటారు. గ్రౌండ్‌లో ఓ నలభై మంది నిలబడతారు. "రైడింగ్ ఎవరు చేస్తారు?" అని అడగ్గానే ముప్పై చేతులు లేస్తాయి. అందరినీ తలా రెండుసార్లు కూతకు పంపి, కాస్త చురుగ్గా కదిలిన నలుగురిని రైడర్లుగా రాసుకుంటారు. తర్వాత మిగిలినవాళ్లలో కొంచెం ఒళ్లున్నవాడిని చూసి, "ఒరేయ్, నువ్వు కార్నర్‌లో నిలబడు" అంటారు. డిఫెండర్ ఎంపిక అయిపోయినట్టే.

అక్కడ నిలబడి ఏం చేయాలో వాడికెవరూ చెప్పరు. మూడు వారాల్లో టోర్నీ ఉంటుంది. మొదటి మ్యాచ్‌లో వాడు ముందుగా దూకుతాడు, రైడర్ తప్పించుకుంటాడు. రెండోసారీ అదే జరుగుతుంది. వాడిని బయటికి పిలిచి ఇంకొకడిని దింపుతారు. మరుసటి ఏడాది వాడు సెలక్షన్స్‌కే రాడు. నేనూ అలా కార్నర్‌లో నిలబడ్డవాడినే, కాబట్టి ఇది బయటినుంచి చూసి చెబుతున్న మాట కాదు. అయితే ఈ వ్యాసం నా గోడు చెప్పుకోవడానికి కాదు. మంచి కార్నర్ డిఫెండర్ ఎలా తయారవుతాడు, దానికి ఎందుకంత టైమ్ పడుతుంది, మన నాలుగేళ్ల బీటెక్‌లో అది సాధ్యమేనా అన్నదే ఇక్కడి విషయం.

కార్నర్ చేసే పని ఏంటి?

ముందు కొలతలు చూద్దాం. మగవాళ్ల కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మధ్య గీత నుంచి వెనక గీత వరకు ఒక జట్టుకు దక్కేది 6.5 మీటర్లు. మధ్య గీత నుంచి 3.75 మీటర్ల దూరంలో బాక్ లైన్, దానికి ఇంకో మీటరు వెనక బోనస్ లైన్ ఉంటాయి. అంటే బోనస్ లైన్ దగ్గరికొచ్చిన రైడర్ తన ఇంటికి 4.75 మీటర్ల దూరంలో ఉంటాడు.

ఏడుగురు డిఫెండర్లలో రెండు చివర్లలో ఉండేవాళ్లు కార్నర్లు. వాళ్ల పక్కన 'ఇన్'లు, వాళ్ల పక్కన కవర్లు, నడుమ సెంటర్. రైడర్ కాలు చాపినా, బోనస్ కోసం లోపలికొచ్చినా మొదట అందేది ఎక్కువగా కార్నర్‌కే. అందుకే చీలమండ పట్టు, తొడ పట్టు కార్నర్ ఆయుధాలు. అడ్డంగా వచ్చి డాష్ ఇవ్వడం, దారి కాయడం కవర్ల పని.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. కార్నర్ రైడర్ చీలమండను బోనస్ లైన్ దగ్గర పట్టుకున్నాడనుకుందాం. మామూలు ఎత్తున్న మనిషి బోర్లా పడి చేయి చాపితే దాదాపు 2.2 మీటర్లు అందుకుంటాడు. 4.75లోంచి అది తీసేస్తే మిగిలేది రెండున్నర మీటర్లు. అంటే రైడర్ ఆ రెండున్నర మీటర్లు జరిగే లోపల కవర్ వచ్చి మీద పడాలి. ఆ ఒకటి రెండు క్షణాలు పట్టు జారకుండా ఉండటమే కార్నర్ ఉద్యోగం. ఒంటరిగా అవతలివాడిని గెలవాల్సిన పని లేదు, సాయం వచ్చేదాకా ఆపితే చాలు. ఈ ఒక్క ముక్క మొదటిరోజే చెబితే సగం తొందరపాటు తగ్గుతుంది.

చీలమండ పట్టు వెనక ఫిజిక్స్

బోనస్ రావాలంటే రైడర్ ఒక పాదం గీత దాటి నేల మీద పెట్టాలి, అదే సమయంలో వెనక పాదం గాలిలో ఉండాలి. అంటే ఆ క్షణంలో అతను ఒంటికాలి మీద ఉంటాడు, పైగా శరీరం వెనక గీత వైపు వెళ్తూ ఉంటుంది. రెండో కాలు నేలను తాకేవరకు అతనికి వెనక్కి తన్నుకునే ఆధారం లేదు. కార్నర్ పట్టాల్సింది అప్పుడే. అర సెకను ముందు దూకితే రైడర్ ఇంకా రెండు కాళ్ల మీదే ఉంటాడు, ఎగిరి దాటేస్తాడు. కోచ్‌లు 'అడ్వాన్స్ ట్యాకిల్' అని తిట్టేది దీన్నే. అర సెకను లేటైతే అతను అప్పటికే వెనక్కి తిరిగి ఉంటాడు.

పట్టుకున్నాక చేతులతో లాగితే చాలదు. మోకాళ్లు వంచి, నడుము కిందికి దించి, పట్టిన కాలిని ఛాతీకి ఆనించుకుని తన బరువంతా దాని మీద వేయాలి. చేతి కండ ఒక్కటే అయితే రైడర్ తొడ బలం ముందు నిలవదు. బరువు, తక్కువ ఎత్తులో ఉన్న గరిమనాభి తోడైతే నిలుస్తుంది. తల పక్కకు ఉండాలి, లేకపోతే మోకాలు మూతికి తగులుతుంది. కళ్లు మూసుకుని దూకేవాళ్లకు ఎక్కువగా జరిగేది ఇదే.

ఈ టైమింగ్‌ను పుస్తకంలో చదివి నేర్చుకోలేం. రైడర్ భుజం ఎటు వంగింది, ఏ కాలు ముందుకొస్తోంది, మొదటి అడుగు నిజమా దొంగాటా అన్నది వందల రైడ్లు ఎదుర్కొంటేనే కంటికి అలవాటవుతుంది. రైడర్‌కు పుట్టుకతో వచ్చిన వేగం కొంత దాకా పనికొస్తుంది. డిఫెండర్‌కు అలాంటి అడ్డదారి ఉండదు.

తప్పు చేయనివ్వకపోతే ఏమవుతుంది?

పట్టు ఫలిస్తే డిఫెన్స్‌కు ఒక పాయింట్. విఫలమైతే రైడర్‌ను తాకిన ప్రతి డిఫెండరూ ఔట్, తలకో పాయింట్ అవతలికి వెళ్తుంది. మన భాషలో చెప్పాలంటే ఇదొక ప్రాబబిలిటీ లెక్క. ఒక్కడే వెళ్లి పట్టడంలో లాభనష్టాలు సమానం కావాలంటే పదిసార్లలో ఐదుసార్లు ఫలించాలి. ముగ్గురు కలిసి వెళ్లారనుకోండి, గెలిస్తే ఒకటి, ఓడితే మూడు. నాలుగుసార్లలో మూడుసార్లు ఫలిస్తేనే సమానం. కోర్టులో ముగ్గురో అంతకంటే తక్కువో మిగిలినప్పుడు పట్టిన 'సూపర్ ట్యాకిల్'కు రెండు పాయింట్లు వస్తాయి కాబట్టి, ఒక్కడే సాహసం చేసి మూడుసార్లలో ఒకసారి గెలిచినా నష్టం లేదు. ఔటైనవాళ్లు తిరిగి లోపలికి రావడం, ఆలౌట్‌కు పోయే రెండు అదనపు పాయింట్లు ఇందులో కలపలేదు, కానీ దారి అర్థమవడానికి ఈ లెక్క చాలు.

కొత్తగా నేర్చుకునే కుర్రాడు మొదట్లో ఆ సగం మార్కు దాటడు, ఎవరైనా అంతే. కాబట్టి వాడు నేర్చుకునే కాలమంతా జట్టుకు నష్టమే. ఆ నష్టాన్ని టోర్నీలో భరించలేం. అందుకే ప్రాక్టీస్ మ్యాచ్‌ల్లో భరించాలి. ప్రాక్టీస్ మ్యాచ్‌లే లేకపోతే వాడి మొదటి పది తప్పులూ టోర్నీలోనే బయటపడతాయి. కారణం వాడి చేతకానితనం కాదు, మన ప్లాన్ లేకపోవడం.

ఇంటర్ రెండేళ్లలో పోగొట్టుకున్నది

మనకు మాత్రమే ఉన్న ఇబ్బంది ఒకటుంది. ప్రగతి నగర్, నిజాంపేట, బాచుపల్లి చుట్టుపక్కల హాస్టళ్లలో ఉన్నవాళ్లను అడగండి. పదో తరగతి వరకు ఊళ్లో చెడుగుడు ఆడినవాళ్లు బోలెడుమంది దొరుకుతారు. ఇంటర్ ఎంపీసీలో చేరాక గ్రౌండ్ లేని బిల్డింగుల్లో స్టడీ అవర్స్, వీకెండ్ టెస్టులు. రెండేళ్లు ఒంటికి మట్టి అంటదు. పద్దెనిమిదేళ్ల వయసులో బీటెక్‌కు వచ్చేసరికి నడుము బిగుసుకుపోయి, కింద కూర్చుంటే మడమలు లేచిపోతుంటాయి. అలాంటివాడిని మూడు వారాల్లో కార్నర్‌లో నిలబెడితే ముందు దెబ్బతినేది మోకాలు. మోకాలి లిగమెంట్ తెగితే సర్జరీ, నెలల తరబడి విశ్రాంతి. కొందరికి ఆట అక్కడితో ఆఖరు.

పద్దెనిమిదేళ్లకు శరీరం సిద్ధంగా లేకపోవడం మన సమస్య ఒక్కటే కాదు. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్‌ది కూడా ఇదే కథ. అక్కడ డిఫెన్స్‌లో ముందు వరసలో నిలబడి ఎదుటి వరసను తోసుకుంటూ వెళ్లేవాళ్లను డిఫెన్సివ్ లైన్‌మెన్ అంటారు. వాళ్లలో 130 కిలోల పైన ఉండేవాళ్లు మామూలే. హైస్కూల్లో ఒళ్లు చూసి తెచ్చుకున్న కుర్రాడు కాలేజీలో ఇరవై రెండేళ్ల సీనియర్ ముందు నిలవలేడని వాళ్లకు తెలుసు. అందుకే 'రెడ్‌షర్ట్' అనే పద్ధతి పెట్టుకున్నారు. ఐదేళ్లలో నాలుగు సీజన్లు ఆడే అవకాశం ఉంటుంది, కాబట్టి మొదటి ఏడాది ఆడించకుండా తిండి, జిమ్, అడుగుల మీద పని చేయిస్తారు. 2018లో ఈ రూల్‌ను కొంచెం సడలించి, ఆ ఏడాది నాలుగు మ్యాచ్‌ల దాకా ఆడినా ఆ సీజన్ లెక్కలోకి రాకుండా చేశారు. కుర్రాడికి అసలు మ్యాచ్ రుచి తెలుస్తుంది, ఏడాది వృథా కాదు. మనకు అలాంటి రూల్ లేదు, కానీ ఆ ఆలోచనను అరువు తెచ్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మన నాలుగేళ్లలో ఎలా?

*మొదటి సెమిస్టర్.* పట్టు నేర్పొద్దు. నిలబడటం, పక్కకు జరగడం, పడటం నేర్పాలి. రోజూ నలభై నిమిషాలు చాలు. గుంజీలు, బాతు నడక, నాలుగు కాళ్ల మీద పాకడం. చేతి పట్టు కోసం హాస్టల్ బకెట్లలో నీళ్లు నింపి రెండు చేతులా మోసుకుంటూ నడవడం, కడ్డీకి తువ్వాలు వేసి వేలాడటం. గట్టి నేల మీద దూకుడు ప్రాక్టీస్ వద్దు. మట్టి తవ్వి మెత్తగా చేసుకోవాలి, లేదా మ్యాట్ ఉండాలి. సాయంత్రం అంబీర్ చెరువు వైపు పరుగు తీస్తే ఊపిరి పెరుగుతుంది, కానీ పరుగొక్కటే డిఫెండర్‌ను చేయదు. సీనియర్ మగవాళ్ల బరువు పరిమితి 85 కిలోలు. దానికి లోబడి కండ పెంచుకోవాలి. మెస్ తిండికి తోడు గుడ్లు, పల్లీలు, పప్పు, పెరుగు ఉంటే మొదలుపెట్టడానికి చాలు. టోర్నీ ముందు నీళ్లు మానేసి బరువు దించడం మాత్రం ప్రమాదం.

*రెండో సెమిస్టర్.* ఒకే వైపు, ఒకే పట్టు. ఎడమ కార్నర్ అయితే ఏడాదంతా ఎడమే. మొదట రైడర్ నడుస్తూ వస్తాడు, తర్వాత సగం వేగం, ఆ తర్వాత పూర్తి వేగం. ఫోన్‌లో వీడియో తీసుకుని ఎన్నిసార్లు ముందుగా దూకాడో లెక్కపెట్టాలి. ఎన్ని పట్టాడన్నది తర్వాతి సంగతి. ముందుగా దూకడం వారం వారం తగ్గుతోందా లేదా అన్నదే అసలు మార్కు.

*రెండో ఏడాది.* జోడీ. కార్నర్ పట్టగానే కవర్ రావాలంటే ఇద్దరికీ మాట అక్కర్లేనంత అలవాటుండాలి. ప్రతి వారం మనుషుల్ని మారిస్తే అది కుదరదు. చుట్టుపక్కల కాలేజీలతో, క్లబ్బులతో ప్రాక్టీస్ మ్యాచ్‌లు పెట్టుకోవాలి. ఒక షరతుతో: రెండు పట్లు తప్పాయని ఎవరినీ బయటికి పిలవకూడదు.

*మూడో ఏడాది.* ఇప్పుడు ఇంటర్ కాలేజియేట్‌లో మొదటి నిమిషం నుంచి ఆడించండి. వరసగా రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడోది 'డూ ఆర్ డై'. రైడర్ పాయింట్ తేకపోతే ఔట్. కాబట్టి తొందరపడాల్సింది అతనే. అలాంటప్పుడు ఆగడం ఎలాగో వాడికి అప్పటికి తెలిసి ఉంటుంది.

*నాలుగో ఏడాది.* ప్లేస్‌మెంట్స్ హడావిడిలో రోజూ గ్రౌండ్‌కు రాలేకపోవచ్చు. వారానికి రెండు రోజులు వచ్చి ఫస్టియర్ కార్నర్‌కు నేర్పితే చాలు. మన జట్లలో తెగిపోయేది ఈ లంకే. సీనియర్ వెళ్లిపోతాడు, వాడు నేర్చుకున్నదీ వాడితోనే పోతుంది.

అమ్మాయిల జట్టుకూ ఇదే వర్తిస్తుంది. కోర్టు 12 మీటర్లు, 8 మీటర్లు కాబట్టి దూరాలు తగ్గుతాయి, కవర్ ఇంకా త్వరగా రావాలి.

పెద్ద ఆటలో ఏం జరిగింది?

ఇదంతా కాలేజీ స్థాయి మాట అనుకోకండి. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీ చేరినప్పటి నుంచి 2014 వరకు పురుషుల స్వర్ణం ప్రతిసారీ మనదే. 2018 జకార్తాలో సెమీఫైనల్లో ఇరాన్ మనల్ని 27-18తో ఓడించింది. 40 నిమిషాల ఆటలో మన జట్టును 18 పాయింట్ల దగ్గర ఆపేసింది. కుస్తీకి పుట్టినిల్లులాంటి దేశం కాబట్టి, కింద ఉండి కాలు పట్టడం, పట్టినదాన్ని వదలకపోవడం వాళ్లకు కొత్త కాదు. ప్రో కబడ్డీ చరిత్రలో అత్యధిక ట్యాకిల్ పాయింట్లు ఇరాన్ ఎడమ కార్నర్ ఫజెల్ అత్రాచలివి. మన తెలుగు టైటాన్స్‌కు ఒక వైపు విశాల్ భరద్వాజ్, మరో వైపు ఇరాన్‌కు చెందిన అబోజార్ మిఘానీ కార్నర్లుగా ఆడిన రోజులు గచ్చిబౌలిలో మ్యాచ్ చూసినవాళ్లకు గుర్తుంటాయి.

2018 సీజన్‌లో యూపీ జట్టు కుడి కార్నర్ నితేశ్ కుమార్ ఒకే సీజన్‌లో 100 ట్యాకిల్ పాయింట్లు సాధించిన మొదటి డిఫెండర్ అయ్యాడు. 2023 వేలంలో టైటాన్స్ రైడర్ పవన్ సెహ్రావత్‌కు 2.605 కోట్లు పెడితే, పుణెరి పల్టన్ ఎడమ కార్నర్ మొహమ్మద్‌రెజా షాద్లూకు 2.35 కోట్లు పెట్టింది. ఆ సీజన్‌లో అతను 99 ట్యాకిల్ పాయింట్లు తెచ్చాడు, పుణె కప్పు గెలిచింది. డిఫెండర్ విలువ వేలంలో కూర్చున్నవాళ్లకు అర్థమైంది. కాలేజీ గ్రౌండ్‌లో మాత్రం ఇంకా "ఒళ్లున్నవాడు కార్నర్" దగ్గరే ఉన్నాం.

వచ్చే సెలక్షన్స్‌లో మీరు సీనియర్‌గా ఉంటే ఒక పని చేయండి. రైడర్లను ఎంచుకున్నాక మిగిలినవాళ్లలోంచి కార్నర్‌ను ఏరొద్దు. మొదట కార్నర్లనే చూడండి. మడమలు నేల మీద ఆన్చి కూర్చోగలవాడు, రైడర్ దొంగాటకు తొందరపడనివాడు, పడ్డాక నవ్వుకుంటూ లేచేవాడు ఎవరో చూడండి. ఇద్దరిని ఎంచుకుని వాళ్లతో ముందే చెప్పండి: "ఈ ఏడాది నిన్ను టోర్నీలో పెద్దగా ఆడించం. కానీ వచ్చే ఏడాది కూడా నువ్వు మాకు కావాలి." ఆ మాట వినివుంటే రెండో ఏడాది సెలక్షన్స్‌కు తిరిగొచ్చేవాళ్లు ఎంతమంది ఉండేవాళ్లో.