ముత్తాత తొంభై ఏళ్ళు బతికాడు సరే, ఆయన తోబుట్టువులు ఏమయ్యారు?

"పాత రోజుల్లో మందుల్లేవు, టీకాల్లేవు, అయినా మా ముత్తాత తొంభై ఏళ్ళు బతికాడు." ఈ మాట ఇంట్లోనో, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లోనో మీరు వినే ఉంటారు. ముత్తాత గారు అన్నేళ్ళు బతికింది నిజమే కావచ్చు. మరి ఆయనతో పాటు పుట్టినవాళ్ళ సంగతేంటి? ఈరోజు ఎపిసోడ్ దాని గురించే.

ముందు ఒక రాణి గారి కథ చెప్తాను. ఆన్ అనే ఆవిడ 1702 నుంచి 1714 వరకు ఇంగ్లండ్‌ని ఏలింది. రాజభవనం, పక్కనే వైద్యులు, తిండికి లోటు లేదు. ఆవిడ 17 సార్లు గర్భవతి అయ్యింది. చాలా వరకు గర్భంలోనే పోయాయి. 1687లో ఇద్దరు చిన్న కూతుళ్ళు కొద్ది రోజుల తేడాలో మశూచితో చనిపోయారు. మన పెద్దవాళ్ళు పెద్దమ్మవారు అనేవాళ్ళే, అదే జబ్బు. అందరికంటే ఎక్కువ కాలం బతికిన కొడుకు విలియం కూడా 1700లో, 11 ఏళ్ళకే పోయాడు. ఒక్క బిడ్డా పెద్దవ్వలేదు. ఎంత డబ్బున్నా ఏం లాభం? కొనడానికి టీకా అనేదే లేదు కదా!

రాజుల ఇంట్లోనే ఇలా ఉంటే మామూలు ఇళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. పరిశ్రమలు రాకముందు చాలా దేశాల్లో, పుట్టిన పిల్లల్లో దాదాపు సగం మంది పెద్దవాళ్ళు కాకుండానే చనిపోయేవారు.

ఇక్కడ చిన్న లెక్క చూద్దాం. సాఫ్ట్‌వేర్ జాబ్ మానేసినా లెక్కల పిచ్చి మాత్రం పోలేదు నాకు. పది మంది పిల్లలు పుట్టారనుకోండి. నలుగురు ఏడాదికే పోయారు, ఆరుగురు 60 ఏళ్ళు బతికారు. మొత్తం 364 ఏళ్ళు, యావరేజ్ 36. అంటే 36 ఏళ్ళకే అందరూ ముసలివాళ్ళయి పోయారని కాదు. ముసలివాళ్ళు అప్పుడూ ఉన్నారు. కాకపోతే కథ చెప్పడానికి మిగిలింది ఆ ఆరుగురే. మనం వింటున్నది వాళ్ళ కథే.

మరి ఏం మారింది? 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ ఆవుల మశూచి నుంచి తీసిన పదార్థాన్ని ఎనిమిదేళ్ళ కుర్రాడికి ఎక్కించి, మనిషికి మశూచి రాకుండా ఆపొచ్చని చూపించాడు. 1980 కల్లా ఆ జబ్బు ప్రపంచంలోనే లేకుండా పోయిందని ప్రకటించారు.

అయితే మెషీన్ రాగానే అందరి బతుకులూ బాగుపడ్డాయా? లేదు. మాంచెస్టర్ చూడండి, బట్టల మిల్లులకి పెట్టింది పేరు. ఎడ్విన్ చాడ్విక్ 1842లో ఇచ్చిన రిపోర్ట్ ప్రకారం అక్కడి కార్మిక కుటుంబాల్లో చనిపోయినవాళ్ళ సగటు వయసు 17. రట్‌లండ్ అనే పల్లె ప్రాంతంలో కూలీలకి 38. అదే మాంచెస్టర్‌లో కలిగినవాళ్ళకి కూడా 38! అంటే పల్లెలో కూలి చేసుకునేవాడూ, సిటీలో డబ్బున్నవాడూ ఒకటే. ఇరుకు ఇళ్ళు, మురుగు, పాడైన నీళ్ళు కార్మికుల పిల్లల్ని మింగేశాయి.

1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు, అది నీళ్ళ ద్వారా వస్తోందని జాన్ స్నో అనే డాక్టర్ ఒక వీధి పంపు దగ్గర ఆధారాలు చూపించాడు. చాలామంది వెంటనే నమ్మలేదు. 1858 ఎండాకాలంలో థేమ్స్ నది కంపు పార్లమెంట్ దాకా కొట్టాకే భూమి కింద పెద్ద మురుగు కాల్వలకి డబ్బులు కదిలాయి. 1865లో క్రాస్‌నెస్ పంపింగ్ స్టేషన్‌లో ఆ మురుగుని తోడింది ఏంటో తెలుసా? ఆవిరి యంత్రం. మిల్లుల్ని తిప్పిందీ అదే. ఎవరి కోసం తిప్పుతున్నాం అన్నదే తేడా.

మన దేశంలో స్వాతంత్ర్యం వచ్చేనాటికి సగటు ఆయుష్షు సుమారు 32 ఏళ్ళు. ఇప్పుడు 70 దాటింది. టీకాలు, మంచినీళ్ళు, మందులు, కడుపునిండా తిండి, అన్నీ కలిస్తేనే ఇది జరిగింది.

మా నానమ్మ ఎనిమిది మందిని కన్నది. ఇంట్లో ఫోటోలో ఉన్నది ఐదుగురు. మిగతా ముగ్గురి పేర్లు ఆవిడకి తప్ప ఎవరికీ గుర్తులేవు.

"అప్పట్లో టీకాలు వేయించుకున్నారా ఏంటి" అని ఈసారి ఎవరైనా అంటే, వాదన పెట్టుకోకండి. మీ అమ్మమ్మనో నానమ్మనో ఒక్కటే అడగండి: "నీతో పుట్టినవాళ్ళు ఎంతమంది, మిగిలింది ఎంతమంది?" ఏం చెప్పారో కింద కామెంట్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.